రెండు గంటలకోసారి

మేనేజరు శ్రీరామ్మూర్తి గారూ, గౌరీశ్వరి సిస్టరూ, మిమ్మల్నే. మా అయ్య బోటు మీంచి పడి చచ్చిపోలేదు. బోటు మీంచి పడితే నడుం విరిగింది, అంతే. ప్రాణం పోయింది మా ఇంట్లోనే గానీ, తీసింది మాత్రం మీ ఆసుపత్రి మంచం. మనిషిని ఒకే పక్క మీద వదిలేస్తే బతికుండగానే కుళ్ళిపోతాడని మీకు తెలుసు. తెలిసీ వదిలేశారు. వదిలేసి, తిప్పామని రాసుకున్నారు. మీ ఇద్దరి పేర్ల కింద మూడో పేరు కూడా రాయాలి. అది నాది. ఆ సంగతీ చెబుతాను, దాచను.

2004 వేసవి. నాకు ఇరవై ఆరేళ్ళు. వన్ టౌన్‌లో పాత మేడ ఒకటి బాగుచేసి పెట్టిన ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా పని. కింద మగవాళ్ళ వార్డు, పైన ఆడవాళ్ళ వార్డు. మాకూ తెల్లచీరలు కట్టించి 'సిస్టర్' అని పిలిపించేవారు. చూసేవాళ్ళకి ఆసుపత్రి నిండా నర్సులున్నట్టు కనపడాలి కదా. పగటి డ్యూటీలో నిజంగా నర్సు చదువు చదివింది ఒక్క గౌరీశ్వరి సిస్టరే. నేను చదివింది ఏడో తరగతి.

ఆవిడే నాకు పని నేర్పింది. ఇది ఎప్పటికీ కాదనను. నేను చేరిన వారంలో కింద వార్డులో ఒక ముసలాయన్ని పక్కకి తిప్పి, చొక్కా పైకి తీసి, "ఏం కనపడుతోంది?" అంది.

"వీపు సిస్టర్."

"వీపు నాకూ కనపడుతోంది. ఎలాగుంది?"

"బాగానే ఉంది. ఎరుపేటీ లేదు."

"మన నల్లతోలు మీద ఎరుపెక్కడ కనపడుతుందే? పుస్తకాలు రాసినవాళ్ళది తెల్లతోలు. కళ్ళు కాదు, చెయ్యి పెట్టు."

పెట్టాను. నడుం కింద, ఎముక పైకి తేలిన చోట, రూపాయి బిళ్ళంత మేర వేడిగా తగిలింది. చుట్టూ తోలు మెత్తగా ఉంటే అక్కడ గట్టిగా ఉంది.

"అదీ. అది పుండు కాదు, పుండు పుట్టబోయే చోటు. ఇప్పుడు తిప్పి పడుకోబెడితే రేపటికి పోతుంది. తిప్పలేదనుకో, లోపల్నుంచి కుళ్ళుకొస్తుంది. పైకి కనపడే వేళకి చెయ్యి దాటిపోతుంది. రెండు గంటలకోసారి తిప్పాలి. ఎడం పక్క, వెల్లకిల, కుడి పక్క. మందులు డాక్టరువి సూర్యకళా. ఇది మనది."

'ఇది మనది' అన్న ఆ మాట నన్ను పట్టుకుంది. దుప్పటి మడత పడకుండా పరవడం, మంచానికీ మంచానికీ మధ్య సబ్బుతో మోచేతులదాకా కడుక్కోవడం, మింగలేనివాడి నోరు తడిగుడ్డతో తుడవడం, ఎన్ని నీళ్ళు తాగాడో ఎంత ఉచ్చ పోశాడో చూడటం. వీటిలో ఏదీ గొప్ప చదువు కాదు. కానీ ఇవి చెయ్యకపోతే ఏ గొప్ప చదువూ పనికిరాదని ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను. మంచం కాళ్ళ దగ్గర వేలాడే చార్టు చదవడం కూడా నాకు నేనే పట్టుకున్నాను. అడ్డంగా గంటలు, గడిలో టిక్కు, టిక్కు పక్కన ఒక అక్షరం. ఎల్ అంటే ఎడమ, బి అంటే వెల్లకిల, ఆర్ అంటే కుడి. మిగతా ఆయాలెవరికీ అది రాదు. నాకొచ్చని కాస్త పొగరుండేది.

మార్చిలో నేనొక అర్జీ రాశాను. ఒక మగమనిషిని తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఆయాలంతా పైనే, కింద వార్డులో ఇరవై రెండు మంచాలకి వార్డుబాయ్ నాగబాబు ఒక్కడే. బాయ్ అనడమే గానీ ఆయనకి నలభై ఐదేళ్ళు, సగం నడుం పడిపోయింది. పూటకి ఇంకో ఇద్దర్ని వెయ్యండి, వార్డులో సబ్బు పెట్టండి. అంతే అడిగాను. సిస్టరుకి చూపిస్తే మెచ్చుకుంది.

"మొదటి సంతకం నాది. పైన గీత ఖాళీగా ఉంచు. మీ అందరివీ కింద పెట్టించి నాకియ్యి. మేనేజరు గారికి నేనే ఇస్తాను."

పై గీత ఖాళీగా ఉంచాను. కింద పదకొండు మంది ఆయాలు, నాగబాబు. కొందరివి వేలిముద్రలు. కాగితం తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

ఏప్రిల్ పదిహేను నుంచి వేట నిషేధం. నలభై ఏడు రోజులు బోట్లన్నీ హార్బర్లో ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. సముద్రం మీద పనిలేదు గానీ ఒడ్డు మీద బోలెడు. చెక్కలు మార్చడం, నీళ్ళు కారకుండా సందుల్లో పీచు కొట్టడం, రంగులు. మా అయ్య చలమయ్య బోటు డ్రైవరు. ఒడ్డుకి ఎక్కించిన బోటు అంచున నిలబడి అయిదో రోజున ఎవరికో ఏదో అరిచి చెబుతూ వెనక్కి పడ్డాడు. కింద సిమెంటు.

"పెద్దాసుపత్రికి ఎల్లిపోదారే," అంది మా అమ్మ గంగాలమ్మ ఆటోలో. "అక్కడ పెద్ద డాక్టర్లుంటారు."

"మా దగ్గర సిస్టరుందమ్మా," అన్నాను.

ఆటో తిప్పించింది నేనే.

డాక్టరు చూసి, కాళ్ళు ఇక పనిచెయ్యవు, పడుకోబెట్టి చూసుకోవడమే అన్నాడు. చూసుకోవడం. అంటే నా పని. నేనే కింద వార్డుకి మారతానంటే సిస్టరు ఒప్పుకోలేదు. "సొంత మనిషున్న వార్డులో డ్యూటీ వద్దు. చెయ్యి వణుకుతుంది. నువ్వు పైనే ఉండు. మీ నాన్నని రెండు గంటలకోసారి నేను దగ్గరుండి తిప్పిస్తాను. నా మీద నమ్మకం లేదా?"

నమ్మకమా? ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను.

రెండో రోజు అన్నాల వేళకి కిందకి దిగాను. అయ్యకి గంజి తాగించి, నోరు తుడిచి, వీపు చూద్దామని దుప్పటి అంచు పట్టుకున్నాను. పట్టుకోగానే నా మణికట్టు ఆయన చేతిలో ఉంది. స్టీరింగు పట్టిన చెయ్యి. నడుం విరిగినా దాని బలం పోలేదు.

"ఏటది?"

"ఈపు సూత్తానయ్యా. నడుం కింద."

"నా మొల సూత్తావేటే గుంటా? సిగ్గు లేదూ?"

"నాను ఇలాటి మగోల్లని పదిమందిని సూసినాను."

"ఆల్లు నీకు అయ్యలు కారు. నాగబాబున్నాడు, ఆడు సూత్తాడు. తిరగేసి తిరగేసి సూడ్డానికి నానేటి బేరానికొచ్చిన సందువ సేపనా?"

పక్క మంచాలవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. దుప్పటి వదిలేశాను.

పని నేర్చుకుంటూ ఇరవై రెండు మంది పరాయి మగవాళ్ళ వీపులు తడిమిన చెయ్యి సొంత అయ్య వీపు దగ్గర ఆగిపోయింది. ఆయన సిగ్గుపడ్డాడని నేనూ సిగ్గుపడ్డాను. ఫరవాలేదనుకున్నాను, చార్టుంది కదా. అప్పట్నుంచి రోజూ అదే వరస. రెండింటికి డ్యూటీ దిగి కిందకి రావడం, గంజి పట్టడం, మోకాళ్ళ కింద కాళ్ళు తుడవడం, చార్టు చూడటం. ఎల్, బి, ఆర్, ఎల్. ఒక్క గడీ ఖాళీ లేదు. సిస్టరు చేతిరాత ముత్యాల్లా ఉండేది.

"బాగా తిప్పుతన్నారా అయ్యా?"

"ఆ, ఆ. సూత్తన్నార్లే. మన బోటుకి రంగైపోనాదా?"

ఇక్కడొక మాట చెప్పాలి. ఒక్క మనిషి వల్ల కాదని అర్జీ రాసింది నేను. ఒక్క మనిషితోనే అవుతోందని చార్టు చెబితే నమ్మిందీ నేనే. ఎందుకు నమ్మాను? రాసింది ఆవిడ కాబట్టి.

మే రెండో వారంలో మా అమ్మ మధ్యాహ్నం బుట్ట దించి నేరుగా వార్డుకొచ్చింది. నిషేధం రోజుల్లో ఎండుచేపలమ్మేది. అయ్య మంచం దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"ఒలే, కంపొత్తంది."

"ఫినాయిలమ్మా. ఆసుపత్రంటే అలాగే ఉంటది."

"నాకు ఫినాయిలు తెల్దేటి? ముప్పై ఏళ్ళు సేపలమ్మినాను. ఇది ఐసు తగల్ని సేప కంపు. మీయయ్య కాడినుంచే వత్తంది."

"నీ బుట్ట కంపే నీకు తగుల్తందేమో."

"నా బుట్టలోవి ఎండువి. ఇది పచ్చి కంపు."

చార్టు తీసి ఆమె మొహం ముందు పెట్టాను. "ఇదిగో, ఇలా సూడు. రెండు గంటలకోసారి తిప్పుతన్నారు. అన్నీ రాసున్నాయి."

"నీ కాయితానికి ముక్కుందేటే?"

వార్డంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. నా ఆసుపత్రిలో, నా వాళ్ళ ముందు. "సదువు రాందానివి, తెలీకపోతే నోర్మూసుకో," అన్నాను మా అమ్మని. ఆమె బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. 

మర్నాడు పొద్దున్న పైన దుప్పట్లు చాలకపోతే తెద్దామని కిందకి దిగాను. అలవాటుగా అయ్య చార్టు చూశాను. ఆరు గంటల గడిలో టిక్కు, ఎల్. ఎనిమిది, బి. పది, ఆర్. పన్నెండు, ఎల్. రెండు, బి.

గోడ మీద గడియారం చూశాను. పదీ ముప్పై అయిదు.

గడియారం ఆగిపోయిందేమో అనుకున్నాను. ముల్లు కదులుతోంది. పక్క మంచం చార్టు చూశాను. ఆ పక్కది చూశాను. ఇరవై రెండు మంచాలకీ మధ్యాహ్నం రెండయిపోయింది.

దుప్పట్లు పక్కన పెట్టాను. పంపు దగ్గరకెళ్ళి సబ్బు అడిగాను, లేదన్నారు. ఉత్త నీళ్ళతోనే మోచేతులదాకా కడుక్కున్నాను. వచ్చి, అయ్యని అడగకుండా దుప్పటి తీశాను. ఈసారి ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. జ్వరంతో మూలుగుతున్నాడు. నాగబాబుని పిలిచాను, ఇద్దరం కలిసి పక్కకి తిప్పాం.

చెయ్యి పెట్టి చూడాల్సిన పని లేకపోయింది.

నాగబాబు తల తిప్పుకున్నాడు. "ఎన్నాళ్ళయింది ఈయన్ని తిప్పి?" అన్నాను.

"దుప్పటి మార్చినప్పుడు కాస్త ఎత్తుతన్నాను. ఒక్కడ్నీ ఆ మనిషిని తిప్పగలనేటి? ఆయనా కదపొద్దంటాడు. సిస్టరు డూటీ ఎక్కగానే అన్నీ రాసేత్తాది. డూటీ దిగేటప్పుడు నింపాలంటే టైమెక్కడ?"

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"నువ్వు రోజూ ఆ కాయితం సూసి నవ్వుకుంటా ఎల్తన్నావు. నీకు తెలుసనుకున్నానమ్మా. మనందరికీ తెలిసిందే కదా."

అదండీ అక్కడి పద్ధతి. అందరికీ తెలిసిందే. చదవడం వచ్చినదానికి తప్ప.

ఆ చార్టు తీసుకుని మేనేజరు శ్రీరామ్మూర్తి గారి గదిలోకి నేరుగా వెళ్ళాను. సిస్టరు అక్కడే ఉంది. బల్ల మీద చార్టుల దొంతర. దాని కింద నా అర్జీ, పై గీత ఖాళీగానే ఉంది. నేను నోరు తెరిచేలోపు మేనేజరే మొదలుపెట్టాడు.

"నువ్వేనా ఇది రాసింది? మనుషులు చాలరంటావు. నెలరోజుల చార్టులు సిస్టరు తెచ్చి చూపించారు. ప్రతి పేషెంటునీ టైముకి తిప్పినట్టు క్లియర్‌గా ఉంది. ఉన్న స్టాఫ్‌తోనే అవుతుంటే ఇంకా మనుషులెందుకమ్మా?"

చేతిలో చార్టు బల్ల మీద పెట్టాను. "టైము పదకొండు కూడా కాలేదు సార్. రెండింటికి తిప్పేశారట. మా అయ్య వీపు మీద నా అరచెయ్యి పట్టేంత గొయ్యుంది. రండి చూద్దురుగాని."

ఆయన లేవలేదు. సిస్టరు వైపు చూశాడు.

సిస్టరు నా వైపు చూడలేదు. "రికార్డు ప్రకారం అంతా సరిగ్గానే ఉంది సార్. పేషెంటే తిప్పనివ్వడు. ఈ అమ్మాయి రోజూ చార్టు చూసి వెళ్తుంది, ఒక్కరోజూ అభ్యంతరం చెప్పలేదు."

"తిప్పనివ్వనివాణ్ణి తిప్పామని ఎలా రాశారు సిస్టర్?"

"గొంతు తగ్గించు," అన్నాడు మేనేజరు. "మీ నాన్నని తీసుకెళ్తే తీసుకెళ్ళు. నువ్వు కూడా రేపట్నుంచి రానక్కర్లేదు."

దొంతర కింది నా అర్జీ లాక్కుని బయటికొచ్చాను. వరండాలోకి ఆవిడ నా వెనకే వచ్చింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించాను.

"నన్నేం చెయ్యమంటావు సూర్యకళా? నర్సింగ్ స్కూల్లో అన్నీ నేర్పారు. ఇరవై రెండు మందికి ఒక్కడుంటే ఏం చెయ్యాలో నేర్పలేదు. తిప్పలేదని రాస్తే రేపే నన్ను పంపేస్తారు. ఇంకొకర్తి వచ్చి ఇదే రాస్తుంది."

"ఆవిడని రాయనివ్వండి. మీరెందుకు రాశారు? కళ్ళు కాదు, చెయ్యి పెట్టమన్నారు మీరు. ఈ మూడు వారాల్లో ఒక్కసారి మా అయ్య మీద చెయ్యి పెట్టారా?"

ఆవిడ చేతి గడియారం సరిచేసుకుంది. లోపల్నుంచి ఎవరో 'సిస్టర్' అని పిలిస్తే వెళ్ళిపోయింది. మరుసటి నెలలో ఆవిణ్ణి మేట్రన్ చేశారని విన్నాను.

అయ్యని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. కుళ్ళిన కండ కోసి తీశారు. ఎముకదాకా పోయిందన్నారు. మొదట్లోనే తేవాల్సిందమ్మా అన్నాడు ఆ డాక్టరు. మా అమ్మ నా మొహం కేసి చూడకుండా ఉండటానికి గోడ మీద బల్లిని చూసింది. వారం ఉంచి, ఇంటి దగ్గర కట్లు మార్చుకోండని పంపేశారు.

ఇంట్లో మేం ఇద్దరం. ఒక మగమనిషిని తిప్పడానికి సరిపోయాం. మా అమ్మ భుజం కింద చెయ్యి వేసేది, నేను నడుం కింద. రెండు గంటలకోసారి, మా ఇంట్లో ఒక్క గడి కూడా ముందు నిండలేదు. మొదటిసారి తిప్పుతుంటే అయ్య భయపడి మంచం పట్టె పట్టుకున్నాడు.

"కదపకండే! అతకదు!"

"ఏటి అతకదు?"

"నడుం. కొత్త సెక్క బిగించినాక ఆరిందాకా కదుపుతామేటి? బోటు నీల్లు తాగేత్తాది. అందుకే నాగబాబుకి సెప్పినాను, నన్ను కదపకురా అని. ఆడు మంచోడు, ఇన్నాడు."

నా చేతులు ఆగిపోయాయి. ఆయన అన్నాళ్ళూ కదలకుండా పడుకుంది బాగుపడటానికి. బోటు బాగుపడే తీరున.

"మనిసి సెక్క కాడయ్యా," అన్నాను. "మనిసిని కదపకపోతే రకతం ఆడదు. ఆడని చోట కుళ్ళుద్ది."

మంచం పట్టె వదిలేశాడు. కోపం లేదు ఆ మొహంలో.

"మరా మాట ఎవులో ఒకలు సెప్పాలి కదే," అన్నాడు.

నేను చెప్పలేదు. చెప్పడం కూడా నా పనే, రోజూ పక్కన కూచుని గంజి పడుతూ ఆ ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు తెలిసిందా మూడో పేరు నాదెందుకయ్యిందో?

జూన్ ఒకటిన బోట్లు వేటకి బయల్దేరాయి. కిటికీలోంచి ఇంజన్ల మోత వస్తుంటే అయ్య ఏది ఎవరి బోటో చెప్పాడు. తన బోటు మోత వినగానే, "ఎవుడో కొత్తోడు, గేరు కొరుకుతన్నాడు," అన్నాడు. అదే ఆయన చివరిసారి నవ్వడం. తొమ్మిదో తారీకు పొద్దున్న ఎనిమిదింటికి ఎడం పక్కకి తిప్పాం. పదయ్యేదాకా ఉండలేదు. కాగితం మీద గుండె ఆగి పోయాడని రాశారు. ఎవరిదాగదు?

ఇది జరిగి అయిదేళ్ళయింది. ఈ అయిదేళ్ళలో మల్కాపురం నుంచి వన్ టౌన్ దాకా ఎన్ని ఆసుపత్రుల ఆయాలు గోడు చెప్పుకోవడానికి నా దగ్గరకొచ్చారో లెక్కలేదు. అన్ని చోట్లా అదే మాట. డ్యూటీ ఎక్కగానే చార్టు నింపేస్తారు. మందిని తక్కువ పెట్టేవాడికి ఆ చార్టే సాక్ష్యం. తిప్పలేదని ఎవరూ రాయరు కాబట్టి తిప్పడానికి మనుషులు ఎప్పటికీ రారు.

కాబట్టి శ్రీరామ్మూర్తి గారూ, సానుభూతి చెప్పకండి, నాకక్కర్లేదు. మంచానపడిన మగవాళ్ళున్న ప్రతి వార్డులో పూటకి ముగ్గుర్ని వెయ్యండి, ఒకళ్ళు అలిసిపోయినా ఇద్దరు మిగలాలి. పంపు దగ్గర సబ్బు పెట్టండి. తెల్లచీర కట్టించి నర్సులని చూపించుకునే అమ్మాయిలకి నర్సు పని నేర్పించండి. రోగిని ఎందుకు కదుపుతున్నామో రోగి భాషలో రోగికి చెప్పించండి. గౌరీశ్వరి సిస్టరూ, తిప్పని రోజు 'తిప్పలేదు, మనుషుల్లేరు' అని రాసి కింద మీ పూర్తి పేరు పెట్టండి. ఒక్కరోజు అలా రాయండి చాలు. ఆ అర్జీ మీద పై గీత ఇంకా మీకోసం ఖాళీగానే ఉంది. నా దగ్గరే ఉంది, పట్టుకొస్తాను.

ఇక ఆసుపత్రిలో మీ మనిషిని పడుకోబెట్టి ఇది చదువుతున్నవాళ్ళకి. చదవడం మానెయ్యండి. లేవండి. మంచం దగ్గరికెళ్ళి చార్టు చూడకండి. ఆయన సిగ్గుపడతాడు, తిడతాడు, చెయ్యి పట్టుకుంటాడు. పట్టుకోనివ్వండి. చేతులు కడుక్కుని, దుప్పటి తియ్యండి.